ఆలయపు గోడల వెలుపల
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వంద యేండ్ల పండుగలో మనము కట్టుకొన్న ఆలయములను, మ్రోగించిన గంటలను తలచుకొనుట సహజమే. అయితే మన ప్రభువు సిలువ వేయబడినది దేవాలయములో కాదు, పట్టణపు ద్వారము వెలుపల. ఆయనను వెంబడించువారు ఆ ద్వారము దాటవలసినదే. ఈ సంగతిని మన మూడు ఊళ్ల చరిత్రలోనే చూద్దాము.

మొదట బాపట్ల. 1911 నాటి నేరస్థ తెగల చట్టము క్రింద ఎరుకలవారిపై పుట్టుకతోనే దొంగలన్న ముద్ర పడినది. కొద్ది యేండ్లకు ప్రభుత్వము వారిని బాపట్ల దగ్గరి స్టూవర్టుపురములో చేర్చి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించినది. బడి వచ్చినది, సేద్యము వచ్చినది, సువార్త వచ్చినది. మంచిదే. కాని బైబిలు పట్టిన చేతిలోనే హాజరు పుస్తకము కూడ ఉన్నది. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయినను, ఆ ఊరి పేరుకంటిన మచ్చ నేటికిని సినిమా కథలలో వినబడుచున్నది. కాబట్టి వెలుపలికి పోవుట ఒక్కటే చాలదు. సోదరులుగా పోవుచున్నామా, కావలివారుగా పోవుచున్నామా అని కూడ అడుగుకొనవలెను.

రెండవది రేపల్లె. 1977 నవంబరు 19, శనివారము. ఉప్పెన కృష్ణకు ఆవల దివిసీమను ముంచినది, ఈవల మన తీరమును కొట్టినది. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది పోయిరి. మరునాడు ఆదివారము. ఆ ఉదయము ఈ తీరములో ఏది ఆరాధన? దిక్కులేని శవమునకు గుంత త్రవ్వుట, దప్పికగొన్నవానికి మంచినీళ్లందించుట, అదియే ఆరాధన. నీ కులమేమని ఉప్పెన ఎవరినీ అడుగలేదు. అన్నము పెట్టువాడు అడుగవచ్చునా?

మూడవది తెనాలి. 1991 ఆగష్టు 6న దగ్గరలోని చుండూరులో ఎనిమిదిమంది దళితులు హత్య చేయబడిరి. బ్రతికినవారు ప్రాణములరచేత పట్టుకొని తెనాలి చేరిరి. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసినది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసినది. ఆదివారము ప్రార్థనలో ఒక మాట చెప్పి కన్నీరు పెట్టుట సుళువు. పదహారేండ్లు వాయిదా వాయిదాకు ఒక విధవరాలి వెంట కోర్టు మెట్లెక్కుట కష్టము. సమరయుడు గాయమునకు నూనె పోసి ఊరకుండలేదు. పూటకూళ్ల ఇంటివరకు తీసికొనిపోయి, ఖర్చు కూడ భరించెను.

మరి మనము? మాలపల్లె సంఘము వేరు, మాదిగపల్లె సంఘము వేరు అని కూర్చుని, పెండ్లిండ్లకు కులము విచారించుచు, వెలుపలివారికి సమానత్వము బోధింపగలమా? ముందుగా మన లోపలి గోడ పడవలెను.

కనుక ఈ శతవార్షికమునకు గుర్తుగా మరియొక గోపురము కట్టనక్కరలేదు. ప్రతి సంఘమునుండి ఇద్దరు చాలును. ఆసుపత్రిలో ఒంటరిగా పడియున్నవాని ప్రక్క ఒకరు కూర్చుండవలెను. కచేరీలో కాగితము చదువలేక నిలిచియున్నవాని ప్రక్క ఒకరు నిలువవలెను. ఆశీర్వాదము విని ఆలయపు గుమ్మము దాటినప్పుడే మన ఆరాధన మొదలగును.

అట్టి కృప ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.