తల్లి పేర నున్న ఇల్లు
(జోడ్‌భావి పేట్‌లో కుటుంబముల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



వీలునామా మాట యెత్తగానే మన పెద్దలు "అశుభము పలుకకుము" అందురు. కాని కూతురు పెండ్లికి పదేండ్లు ముందుగనే బంగారము కూడబెట్టు వారము మనము. ముందుచూపు మనకు కొత్త కాదు. ఈ ఒక్క విషయముననే నోరు మెదపము.

మన తాతలు నల్లగొండ, కరీంనగరు, వరంగల్లు, పాలమూరు సీమలనుండి చేతిపనిని నమ్ముకొని షోలాపూరు చేరినప్పుడు పంచుకొనుటకు పెద్ద ఆస్తులు లేకుండెను. నేడట్లు కాదు. ఒకరికి కార్ఖానాయు నాలుగు సాంచెలును గలవు. మరియొకరికి స్వగ్రామమున పెంకుటింటిలో భాగము గలదు. అన్నిటికంటె పెద్ద మార్పు, ఇండ్లు స్త్రీల పేర వచ్చుట. కుంభారి వద్ద గోదూతాయి పరుళేకర్ పేర బీడీ కార్మిక స్త్రీల కొరకు వెలసిన పదివేల ఇండ్లును, 2024 జనవరి 19న రాయ్‌నగర్‌లో అప్పగించిన 15,000 ఇండ్లును మీరెరిగినవే. ఆకు కత్తిరించి, వేయి బీడీల లెక్కన కూలి తెచ్చి, కిస్తులు కట్టిన తల్లి తదనంతరము ఆ ఇల్లు ఎవరిది? దీనికి సమాధానము ఇంటింట ఊహించుకొనుచున్నారే గాని, చట్టము నడిగిన వారు తక్కువ.

పురుషుడు వీలునామా లేక మరణించినచో, 1956 హిందూ వారసత్వ చట్టము ప్రకారము అతని స్వార్జితము తల్లికి, భార్యకు, కొడుకులకు, కూతుండ్రకు సమానముగా చెందును. తల్లి, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్న ఇంట అయిదు భాగములన్నమాట. "కట్నమిచ్చితిమి, ఇక భాగమేమి?" యను మాట కులపంచాయతీలో చెల్లినను కోర్టులో చెల్లదు.

స్త్రీ విషయమున లెక్క వేరు. ఆమె ఆస్తి మొదట భర్తకును సంతానమునకును చెందును. వారెవరును లేనిచో భర్త వారసులకు పోవును. వారును లేనప్పుడే కన్న తల్లిదండ్రుల వంతు. (పుట్టింటినుండి సంక్రమించిన ఆస్తి మాత్రము, సంతానము లేనిచో, తండ్రి వారసులకు మరలును.) విడాకులు లేకుండ విడిచిపోయి, పదేండ్లుగా ముఖము చూపని భర్తయును ఆ ఇంటిలో పిల్లలతో సమానభాగమునకు హక్కుదారుడే. ఇట్టి ఇండ్లు మన పేటలలో ఎన్ని గలవో మీకు మేము చెప్పనక్కరలేదు.

1955లో పెండ్లియై, మూడు నెలలకే భర్తను పోగొట్టుకొని, అత్తవారింటినుండి వెడలగొట్టబడి, పుట్టింట చదివి ఉద్యోగము చేసిన ఒక స్త్రీ 1996లో వీలునామా లేకుండ మరణించెను. ఆమె కష్టార్జితము కన్నతల్లికి దక్కలేదు. భర్తయొక్క సోదరి కొడుకులకే చెందునని సుప్రీం కోర్టు 2009లో తీర్పు చెప్పినది. జాలి వేరు, చట్టము వేరు అని న్యాయమూర్తులు తలచిరి. అదే న్యాయస్థానము 2025 నవంబరులో స్త్రీలందరును, ముఖ్యముగా హిందూ స్త్రీలు, వెంటనే వీలునామా వ్రాసికొనవలెనని విజ్ఞప్తి చేసినది.

"బ్యాంకులో నామినీ పేరు వ్రాయించితిమి, చాలును" అందురు కొందరు. చాలదు. బ్యాంకువారు నామినీ చేతికి సొమ్మిచ్చి తమ బాధ్యత తీర్చుకొందురు. ఆ సొమ్ము మాత్రము వారసులది. 2025 నవంబరు 1 నుండి ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకొనవచ్చును గాని, ఈ సూత్రము మారలేదు. ప్రావిడెంటు ఫండులో మరియొక చిక్కు గలదు: పెండ్లికి ముందు తల్లిదండ్రుల పేర చేసిన నామినేషను పెండ్లితో రద్దగును. పడుచువారు నేడే చూచుకొనవలెను.

ఇక వ్రాయు విధానము. స్టాంపు కాగితము అక్కరలేదు, తెల్లకాగితము చాలును. రిజిస్ట్రేషను విధి కాదు, కాని మేలు. సంతకము రానివారు వ్రేలిముద్ర వేయవచ్చును. ఇద్దరు సాక్షులు ఆ సంతకమునో ముద్రనో కన్నులార చూచి, వ్రాసినవారి యెదుట తామును సంతకము చేయవలెను. రేపు వివాదము వచ్చినచో సాక్షులలో ఒకరైన కోర్టుకు రావలసియుండును. కావున వయసులో చిన్నవారిని, ఆస్తిలో భాగము పొందనివారిని పిలుచుట మంచిది.

తెలుగులో వ్రాసినను వీలునామా చెల్లును. ఇది మేము గట్టిగా చెప్పుచున్నాము, ఏలయన, ఎవరో మరాఠీలో వ్రాసి తెచ్చినదానిపై అర్థము తెలియకయే వ్రేలిముద్ర వేయు ముసలమ్మలు మనలో గలరు. రిజిస్టరు చేయించునప్పుడు ఆ భాష సబ్ రిజిస్ట్రారునకు తెలియనిదై, జిల్లాలో సాధారణముగా వాడనిదైనచో, సరియైన మరాఠీ అనువాదమును, ఒక నకలును జతపరచవలెను. అంత మాత్రమునకు తల్లి తన మాట తన భాషలో చెప్పుట మానవలసిన పనిలేదు.

బ్రతికియుండగనే ఇల్లు కొడుకు పేర దానపత్రము వ్రాయుట వేరు సంగతి. వీలునామా నెన్నిసార్లయినను మార్చవచ్చును. దానపత్రము నట్లు కాదు. పోషింతునను షరతు అందులో వ్రాసియుండి, కొడుకు దానిని తప్పినచో, 2007 వృద్ధుల సంరక్షణ చట్టము క్రింద ట్రిబ్యునలు దానిని రద్దుచేయగలదు. షరతు వ్రాయకున్నచో పోరాటము కష్టము.

వీలునామాకు తేదీ వేయుట మరువకుడు. రెండు బయటపడినచో చివరిదే నిలుచును. ఇంటిలో దాచుటకు జంకువారు సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద దాచియుంచవచ్చును. అట్లు దాచిన సంగతి మాత్రము నమ్మకమైన ఒక్కరికైనను చెప్పియుంచుడు.