గృహరక్షణమునకు దగిన తుపాకి



గృహరక్షణమునకై లైసెన్సు కోరు మనవారిలో పెక్కండ్రు పిస్తోలునే యడుగుచున్నారు. మొలలో నిమిడిపోవుట తప్ప దానియందు ఇంటికి వలయు గుణము నాకు గానరాదు. గొట్టము పొట్టి, నిత్యసాధన లేనివాని గురి తప్పును. రైఫిలు గుండు గోడను దూసికొని పొరుగువారి పడకను జేరఁగలదు. 12 బోరు జంటగొట్టపు తుపాకియే మేలు. నడుమ విఱిచినంతనే తూటా యున్నదో లేదో కంటికి దెలియును. దాని సన్నగుండ్లు దూరము పోయినకొలఁది త్వరగా బలముడుగును. లోపల చాళ్లు లేక, 20 అంగుళములకు తగ్గని గొట్టముగల తుపాకియెడ 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము సైతము కొంత యుదారముగా నున్నది; పిస్తోలునకు తగిన కారణము చూపవలెను.

తుపాకి యొకచోట, తూటాలు వేఱొకచోట తాళమువేసి యుంచుఁడు. దొంగ యెన్నఁడో వచ్చును. పిల్లలు దినమెల్ల ఇంటనే యుందురు. 2019వ సంవత్సరపు సవరణమువలన ఒకరికి రెండు తుపాకులే. తాతలనాటివియు ఆ లెక్కలోనివే.