నల్లని పొగ, ఉప్పుగాలి



2000 ప్రాంతమున ఉద్గార నియమములు కఠినమై, మారుతి 800 వంటి చిన్నకారులలో సైతము కార్బొరేటరు స్థానమున ఇంజక్టరులు ప్రవేశించిన నాటి బండ్లు, జువ్వలదిన్నె మొదలుకొని మైపాడు, కృష్ణపట్నముల వరకు మన రేవులలోను రొయ్యలగుంటల గట్లమీదను నేటికిని తిరుగుచునే యున్నవి. వానిలో ఒకానొకటి నల్లని పొగను గ్రక్కుచు, పెట్రోలును అపరిమితముగా త్రాగుచు మన షెడ్డు వాకిట నిలిచినపుడు, పాతబండినే నమ్ముకొని బ్రదుకు దాని యజమానిచేత, పరీక్షయైనను లేకుండ విలువైన భాగములను కొనిపించుట అన్యాయమని నా దృఢాభిప్రాయము.

ముందుగా పొగవర్ణమును చూడవలయును. నీలిపొగ ఆయిలు మండుటను, ఇంజను వేడెక్కినను తగ్గని తెల్లపొగ రేడియేటరు నీరు లోనికి చేరుటను, నల్లపొగ పెట్రోలు మితిమీరుటను సాధారణముగా సూచించును. అట్టి బండి ప్లగ్గు నూడదీసినచో పొడిమసి కనబడును. పెట్రోలు చక్కగా దహనమగుటకు దాని తూకమునకు సుమారు 14.7 రెట్లు గాలి కావలయును. ఈ పాళ్లను కాపాడు ఈసీఎం అను పెట్టె, సెన్సరులు పంపెడి వోల్టేజీలనే ఆధారముగా గొని, ఇంజక్టరు ఎంతసేపు తెరచి యుండవలెనో నిర్ణయించును. కావున దోషము ఇంజక్టరుదే యని తొందరపడి తీర్మానింపరాదు.

ఇచ్చట మన తీరపు విశేషమొకటి కలదు. రేడియేటరు నీటి వేడిని తెలుపు సెన్సరు, చల్లగా నున్నప్పుడు హెచ్చు నిరోధమును, వేడెక్కిన కొలది తక్కువ నిరోధమును చూపును: పలు బండ్లలో 20 డిగ్రీలయొద్ద సుమారు 2,500 ఓములు, 80 డిగ్రీలయొద్ద సుమారు 320 ఓములు. ఉప్పుగాలి సోకి సాకెట్టు పిన్నులకు పచ్చని చిలుము పట్టినచో, ఆ చిలుము నిరోధము సెన్సరు నిరోధముతో కలియును. అట్లు మరి 2,000 ఓములు చేరెనా, రోహిణికార్తె యెండలో సలసల కాగుచున్న ఇంజనును ఈసీఎం ఇంకను వేడెక్కనిదిగా నెంచి, పూర్వము చోకు లాగినట్లు పెట్రోలును కుమ్మరించును. తీగ పూర్తిగా తెగినచో ఆ పెట్టె దానిని గ్రహించి చెక్ ఇంజను దీపమును వెలిగించును గాని, ఈ పాక్షికదోషమున దానికి చేరు విలువ నమ్మదగినదిగానే యుండుటచేత దీపము వెలుగకపోవచ్చును. దీపము లేదు గనుక సెన్సరు మంచిదే యనుకొనుట పెద్ద పొరపాటు. సెన్సరును విడదీసి కొలుచుటయు చాలదు. సాకెట్టు తగిలించియుండగనే స్కానరు చూపు ఉష్ణోగ్రతను ఇంజను నిజమైన వేడితో సరిపోల్చవలయును. చిలుము పట్టిన పిన్నును గీకి విడుచుటకంటె క్రొత్తపిన్ను వేయుట మేలు. గీకినచో పైపూత పోయి, అనతికాలముననే మరల చిలుము పట్టును.

మరియొక దోషము మనము చేతులార తెచ్చిపెట్టునది. ఎండసీమలో థర్మోస్టాటు వాల్వు అనవసరమని దానిని తీసి పారవైచు అలవాటు మన షెడ్లలో చిరకాలముగా పాతుకొని యున్నది. వాల్వు లేని ఇంజను రహదారిపై గాలి తగులుచు నడచునపుడు చాలినంత వేడెక్కకపోవచ్చును. అప్పుడు సెన్సరు సత్యమే చెప్పును, ఈసీఎం తన విధిని తప్పక అధికముగా పెట్రోలును పంపును. ఈ యలవాటును మానుకొనుడని మిమ్ము మనసార వేడుచున్నాను.

తక్కిన పరీక్షలు మీకు తెలిసినవే. ఎయిర్ ఫిల్టరును, మ్యాప్ సెన్సరు గొట్టములోని పగులును చూడుడు. ప్రెషరు రెగ్యులేటరు వాక్యూము గొట్టమును లాగినప్పుడు పెట్రోలు తడి కనబడినచో లోపలి పొర చినిగినదని యెరుగుడు. కారెడి ఇంజక్టరును అనుమానించుట వీని తరువాతనే.

దోషము తీరిన పిమ్మట డిప్‌స్టిక్కును తీసి వాసన చూడుడు. మండని పెట్రోలు సిలిండరు గోడలపై ఆయిలు పొరను కడిగి, అడుగుననున్న ఆయిలులో కలిసి యుండును. మట్టము పెరిగినను, పెట్రోలు వాసన కొట్టినను, ఆయిలు మార్చుటకు ఇంకను కిలోమీటర్లు మిగిలియున్నవను లోభమును విడిచి, ఆయిలును ఫిల్టరును మార్చిన తరువాతనే బండిని అప్పగింపవలయును.