ఛాయాచిత్రపు లాకెట్టు - మడతబందు పని
(వార్షిక మహాసభయందు జలంత్రకోట ప్రాంత స్వర్ణకారుల పక్షమున గావింపబడిన యుపన్యాసము)



ఈ సభయందు మాటలాడుమని యాజ్ఞ యైనప్పుడు, కులప్రాచీనతనుగూర్చియు విద్యాభివృద్ధినిగూర్చియు చెప్పుటకు మాకంటె సమర్థు లనేకులు గలరనియు, మాకు తెలిసినది కుంపటి యొక్కటే యనియు విన్నవించుకొంటిమి. ఆ కుంపటినిగూర్చియే చెప్పుడని పెద్దలు సెలవిచ్చిరి. కావున మేము చేయు పనులలో మిక్కిలి చిన్నదియు, మిక్కిలి చిక్కైనదియు నగు ఛాయాచిత్రపు లాకెట్టునుగూర్చి నాలుగు మాటలు మనవి చేయుదుము.

మూత తెఱచి లోపల నొకదానిని దాచుకొను నగ మనకు క్రొత్తది కాదు. జంగమదేవరల మెడలోని వెండి లింగకాయ యట్టిదే. పిల్లల మొలత్రాటి తాయెత్తును నట్టిదే. లోపలి వస్తువు మాత్రము మాఱినది. ఇంగ్లండు దేశపు మొదటి ఎలిజబెత్తు రాణికి 1575 ప్రాంతమున మూత తెఱచుకొను ఉంగర మొకటి చేసిరి. అందు చిత్తరువులు రెండు గలవు. 1839లో ఛాయాగ్రహణవిద్య లోకమునకు వెల్లడి యైన పిదప చిత్రకారుని పోషింపలేని సామాన్యులకును ఆప్తుల ముఖము మెడలో ధరించుట సాధ్యమైనది. మన తీరమునుండి జనులు ఓడలెక్కి రంగము పోవుచుండిన దినములలో, పోయినవాని బొమ్మ యింట నుండవలెనను కోరిక యెంత గాఢముగా నుండెనో మా పెద్దలు చెప్పుచుండిరి. 1941 డిసెంబరు 23వ తేదీన రంగముపై బాంబులు పడినపుడు తిరిగి రాని వారును గలరు. నేడు గల్ఫు దేశములకును సైన్యమునకును పోవుచున్నారు. చేతి ఫోనులో వేయి బొమ్మలున్నను లాకెట్టు కావలెనని వచ్చువారు తగ్గలేదు. అది మాకును వింతయే.

ఇక పని. 22 కారట్ల బంగారమును దాగలిపై సాగగొట్టి రేకు చేయుదుము. రేకు మరీ పలుచనైనచో వ్రేలి యొత్తుడుకే సొట్టపడును. మందమైనచో కొనువారు తూకము చూచి వెనుదీయుదురు. దానినుండి రెండు బిళ్లలు కోసి, కాల్చి మెత్తపఱచి, గుంటల దిమ్మెలో నుంచి కొట్టి రెండు చిప్పలు చేయుదుము. ఒక చిప్ప యంచు లోపల సన్నని పట్టీ యతుకుదుము. మూసినపుడు ఆ పట్టీ రెండవ చిప్పలోనికి దూరి కఱచుకొనును. ఇంతవఱకు పని నేర్చిన వా డెవ్వడైనను చేయగలడు. చేయి తెలియునది మడతబందునందే.

సన్నని రేకును గొట్టముగా మడిచి, కమ్మచ్చులో లాగి, బియ్యపుగింజ లావున నాళము తీయుదుము. దానిని మూడు ముక్కలుగా కోయుదుము. లాకెట్టు పెద్దదైనచో నైదు. బేసిసంఖ్య యేల యనగా, ఒక చిప్పకు కొనలు రెండును, రెండవ చిప్పకు నడిమిదియు పోవలయును. అప్పుడే చీల నిరుప్రక్కల సమముగా పట్టుకొనును. చిప్పల యంచులు రెండును జతపఱచి గుండ్రని యాకురాయితో గాడి తీసి, నాళము అందు సగమువఱకు కూర్చుండునట్లు చేయవలయును. గాడి లోతైనచో మూత సగము తెఱచుకొని నిలిచిపోవును. చాలనిచో నాళము వెలికి పొడుచుకొని వచ్చి చీరెకు తగులుకొనును. పిమ్మట ముక్కల కొనలకు జేగురు పూసి, ఒక్కొక్కదానికి ఆవగింజలో సగమంత పొడిని వెలిగారపు నీటితో నంటించి, ఊదుగొట్టముతో మంట చూపుదుము. పొడి కరిగి మెఱసిన క్షణముననే మంట తీయవలయును. ఒక్క యూపిరి యెక్కువైనచో పొడి ప్రక్క ముక్కలోనికి పాఱి మూడును నొక్కటైపోవును. అది మడతబందు కాదు, కడ్డీ. మా చేతిలో నట్లైనవానికి లెక్క లేదు.

చీలను మెఱుగు పెట్టిన పిదపనే వేయుదుము. రాగి పాలు హెచ్చుగా గల గట్టి బంగారమే దానికి తగినది. కొంద ఱుక్కు చీల వేయుదురు. ఉప్పుగాలి వీచు ఉద్దానమున నుక్కు త్రుప్పు పట్టక మానదు.

ఇచట మా తప్పు నొకదానిని దాచక చెప్పవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట ఉద్దానపు పల్లెనుండి యొక యిల్లాలు వచ్చినది. ఆమె భర్త, ఆ ప్రాంతమున నెందఱనో పొట్టనబెట్టుకొన్న మూత్రపిండముల వ్యాధిచే మరణించెను. ఆయన బొమ్మ యింట నొక్కటియే యుండెను. దానిని మా కిచ్చినది. మేము ఆ బొమ్మనే గుండ్రముగా కత్తిరించి లాకెట్టులో నమర్చి యిచ్చితిమి. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను పలాస యొద్ద తీరము దాటినది మీ రెఱుగుదురు. ఆ రాత్రి ఆమె యింటి పైకప్పు లేచిపోయినది. తెల్లవాఱువఱకు వానలో నిలిచినదట. కొన్ని దినములకు లాకెట్టు తెచ్చి మా చేతి కిచ్చెను. తెఱచి చూడగా కాగితము మిగిలినది, ముఖము మిగులలేదు. ఆమె మమ్ము నిందింపలేదు. "మళ్లీ మూసీండి బాబూ" అని మాత్ర మనెను.

పట్టీ కఱపున వెండ్రుకవాసి సందున్నది. ఆ సందు మాదే. కఱపు సరిచేసితిమి, కూలి పుచ్చుకొనలేదు. అంతమాత్రమున బొమ్మ తిరిగి రాదు గదా! నాటినుండి మూలచిత్రమునకు కత్తెర తగిలింపము. ఛాయాచిత్రశాలకు పంపి ప్రతి తీయించి, మూలమును తెచ్చినవారి చేతికే యిచ్చి, ప్రతినే లాకెట్టులో నుంతుము. బొమ్మకు క్రిందను మీదను పలుచని యభ్రకపు బిళ్లలు వేయుదుము. గూడూరు గనుల పుణ్యమున అభ్రకము మనకు పరాయిది కాదు. కుంకుడుకాయ నీట నగలు నానవేయు నలవాటుగల తల్లులకు లాకెట్టును మాత్రము వేయవలదని పదేపదే చెప్పుదుము. అయినను వేయుదురు.

పొడినిగూర్చి యొక మాట. కేడీయమను పేర కాడ్మియము కలిపిన పొడి వ్యాపించినది. అది తేలికగా కరుగును, వన్నె తగ్గనీయదు. కాని దాని పొగ ఊపిరితిత్తులకును మూత్రపిండములకును విషము. ఉద్దానపు వ్యాధికి మూలకారణము నేటికిని తేలలేదు. దాని నీ పొగకు ముడిపెట్టుట మా యభిప్రాయము కాదు. 2023 డిసెంబరులో పలాసయందు మూత్రపిండముల యాసుపత్రి తెఱవవలసి వచ్చిన నేలపై నుండి, ఆ యవయవమునకే శత్రువగు పొగను కోరి పీల్చుట యేమి వివేకము? మా కుంపటియొద్ద దానిని మానితిమి. మానుటచే కష్టము లేకపోలేదు. 2021 జూన్ 16 మొదలు జిల్లాలవారీగా హాల్‌మార్కు తప్పనిసరి యగుచు వచ్చినది. లాకెట్టువంటి యతుకుల నగయందు తక్కువ వన్నె పొడి హెచ్చినచో మొత్తముమీద 916 నిలువదు. కావున ఆవగింజ యనియు, అందు సగమనియు నింతగా చెప్పితిమి.

పోషకులకు విన్నప మొకటి. 1963లో బంగారపు అదుపు నిబంధనలు వచ్చి 14 కారట్లకు మించిన నగ చేయరాదన్నప్పుడు మా పెద్దలు కొందఱు కుంపటి చల్లార్చి కొబ్బరితోటల కూలికి పోయిరి. అది ప్రభుత్వము పెట్టిన కష్టము. నేటి కష్టము తూకముది. లాకెట్టు తులములో మూడవ పాలు తూగును. పని రెండు దినములది. తూకముపై మజూరీ కట్టినచో గాజులు చేయువానికి గిట్టును, మడతబందు చేయువానికి గిట్టదు. మా కుఱ్ఱవాండ్రు ఈ లెక్క నెఱిగియే బందుపని నేర్వకున్నారు. పట్టణములలో యంత్రముమీద వేలకొలది తయారగు లాకెట్టులు చవుక యనుట నిజమే. వాని బందు వదలినపుడు మా యొద్దకే తెచ్చుచున్నారనుటయు నిజమే. లాకెట్టునకు తూకమున గాక పనికి వెల కట్టుడని వేడుచున్నాము.

సభ ముగిసిన పిదప వేదిక ప్రక్క బల్లపై మూడు లాకెట్టు లుంచెదము. అందొకటి పొడి పాఱి చెడినది. కావలసినవారు వచ్చినచో బందు విప్పి చూపుదుము.