రాక్షసుడెవడు?

(బళ్ళారిలో పాఠశాల వార్షికోత్సవ సభయందు తలిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



ఉపన్యాసము దీర్ఘమైనచో నాటకమునకు వేళ మించిపోవును. పిల్లలు ముఖములకు రంగు పూసికొని తెర వెనుక వేచియున్నారు. కావున నేడు వారు ప్రదర్శింపబోవు ప్రహ్లాద చరిత్రను గూర్చియే, అందును ఒక్క వేషమును గూర్చియే, నాలుగు మాటలు మనవి చేసెదము.

గత సంవత్సరము ఈ నాటకమునకు పాత్రలను నిర్ణయించునపుడు మేమొక పొరపాటు చేసితిమి. తరగతిలో అందరికంటె పొడగరియు, చామనచాయకంటె కొంత నల్లనివాడును అగు ఒక బాలుని చూచి, హిరణ్యకశిపునకు వీడే తగునని తలచితిమి. తెల్లగా, ముద్దుగా నున్న మఱియొక బాలునకు ప్రహ్లాదుని వేషమిచ్చితిమి. మఱునాడు ఆ పొడగరి బాలుని తండ్రి వచ్చి, ఎవరును లేని సమయము చూచి, మెల్లగా నిట్లడిగెను: “అయ్యా, మావాడు నల్లగా ఉన్నాడనే కదా వానికి రాక్షస వేషం ఇచ్చినారు? వీధిలో పిల్లోళ్లు అప్పుడే వాణ్ణి రాక్షసుడా అని పిలుస్తా ఉండారు. రాత్రి వాడు అన్నం తినలేదు.”

మేము బదులు చెప్పలేకపోతిమి. ఏలయన, ఆయన చెప్పినది నిజము. ఆ బాలుని కంఠమును మేము పరీక్షింపలేదు, పఠనమును వినలేదు. మేనిచాయను మాత్రమే చూచితిమి. రాక్షసుడనగా నిట్లుండవలెనను ఊహ మాకెక్కడినుండి వచ్చినదని అప్పుడు మమ్ము మేమే ప్రశ్నించుకొంటిమి.

పురాణములనుండి వచ్చినదందుమా? అచట నల్లని రాక్షసులును, కోరలు గల రాక్షసులును లేకపోలేదు. కాని శ్రీరాముడును నీలమేఘశ్యాముడే. కృష్ణుని పేరునకే నల్లనివాడని యర్థము. హిరణ్యకశిపుని పేరులోనో బంగారము మెఱయుచున్నది! ఇక జన్మమును బట్టి చూతమన్నను, కశ్యపునకు అదితియందు దేవతలును, దితియందు దైత్యులును, దనువునందు దానవులును పుట్టిరి. ఒక్క తండ్రి బిడ్డలే ఇరుపక్షములై పోరాడిరి. రావణుడు పులస్త్య బ్రహ్మకు మనుమడు, వేదములు చదివినవాడు. విభీషణుడు అతని తోబుట్టువు. ప్రహ్లాదుడు హిరణ్యకశిపుని కన్నకొడుకు. దైత్యులలో తాను ప్రహ్లాదుడనని గీతయందు భగవానుడే చెప్పినాడు. ఇట్లు మన పెద్దలు మంచిచెడ్డలకు కులమును గాని, రంగును గాని కొలతగా పెట్టలేదు. తపస్సు చేసి వరము పొందుటవఱకు అసురుడును గొప్పవాడే. ఆ వరమును చూచుకొని కన్ను గానక ప్రవర్తించిననాడే అతడు చెడినాడు.

పాశ్చాత్యుల కథలలోను ఈ సూక్ష్మము లేకపోలేదు. 1667లో వెలువడిన మిల్టను మహాకావ్యమున సైతాను మొదట దేవదూతయే. గర్వముచేత దేవునిపై తిరుగబడి పతనమయ్యెను. మన జయవిజయులును వైకుంఠ ద్వారపాలకులే. సనకాదులను అడ్డగించి శాపము పొంది హిరణ్యాక్ష హిరణ్యకశిపులై పుట్టిరి. భేదమేమనగా సైతానునకు తిరుగుదారి లేదు. జయవిజయులు మూడు జన్మములైన పిమ్మట స్వామి సన్నిధికే చేరుకొనిరి. 1946లో అమెరికాలో నిర్మించిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ అను చిత్రమున దేవదూత రెక్కలు లేని సామాన్య వృద్ధుని రూపమున వచ్చి, ప్రాణము తీసికొనబోవు ఒక గృహస్థును కాపాడును. రెక్కలు సత్కార్యము చేసిన పిమ్మట లభించునవే గాని, ముందుగా తగిలించుకొని వచ్చునవి కావు.

అయినను చిత్రకారునకును, వేషము కట్టువానికిని ఒక తొందర గలదు. చూచువారు మంచివానిని, చెడ్డవానిని వెంటనే గుర్తింపవలయును. అందువలన దేవదూతలకు తెల్లని వస్త్రములును, దయ్యములకు నల్లని రెక్కలును వచ్చినవి. 1940లో డిస్నీ సంస్థ నిర్మించిన ‘ఫాంటసియా’ చిత్రమున కొండ శిఖరముమీద రెక్కలు విప్పు పిశాచము అట్టిదే. నేడు ఇట్టి బొమ్మలు టెలివిజనులోను, చేతి ఫోనులోను మన పిల్లల కన్నులయెదుట రేయింబవళ్లు కదలుచున్నవి. వారు కథను మఱచిపోవుదురు. రంగును మాత్రము జ్ఞాపకముంచుకొందురు.

మన తెలుగు చిత్రములు తీసినవారు సర్వదా ఇట్లు చేయలేదు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చిత్రమున ఎస్. వి. రంగారావుగారు ధరించిన ఘటోత్కచుడు రాక్షసియగు హిడింబ కుమారుడే. కాని ఆ కథలో నలుగురకు మేలు చేయువాడును, పిల్లలకు మిక్కిలి ఇష్టుడును అతడే. 1958లో ‘భూకైలాస్’ కథను తెలుగున, కన్నడమున వేర్వేరుగా తీసిరి. రావణుని వేషమును తెలుగున ఎన్. టి. రామారావుగారును, కన్నడమున రాజ్‌కుమార్‌గారును ధరించిరి. రెండు భాషల ప్రేక్షకులును రావణుని శివభక్తిని చూచి కరగిరి. కన్నడసీమలో తెలుగు మాటలాడుకొను మనకు ఆ రెండు చిత్రములును మనవే.

ప్రహ్లాదుని కథకును మన బళ్ళారికిని గల సంబంధము మఱింత దగ్గఱిది. ఆంధ్ర నాటక పితామహులు ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) ఈ ఊరనే వకీలుగా నుండి, సరసవినోదినీ సభను నెలకొల్పి నాటకములు వ్రాసి ఆడించిరి. వారి ప్రహ్లాద నాటకమే 1932లో హెచ్. ఎం. రెడ్డిగారు తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు ఆధారమైనది. తంజావూరు జిల్లా మెలట్టూరులోనో, తమిళుల నడుమ, మెలట్టూరు వేంకటరామశాస్త్రిగారి తెలుగు ప్రహ్లాద చరిత్రమును నరసింహ జయంతి సమయమున భాగవతులు ఆడుచున్నారు. అచట నరసింహుని ముఖకవచమును పూజించి, ఉపవాసముండి ధరింతురు. ఊరు వేఱైనను, రాష్ట్రము వేఱైనను, ఈ కథ తెలుగుమాటను విడువలేదు.

ఇంతకును ఈ కథ జరిగినదెక్కడ? సగము పాఠశాలలోనే. చండామార్కులు పాఠము చెప్పి ఇంటిపనికి పోయిన వేళ, ప్రహ్లాదుడు తోడి అసురబాలురను చేరదీసి, సర్వభూతములయందును దయ గలిగియుండుడని చెప్పెను. అసురులు కదా, వీరికేల చెప్పవలెనని అతడనుకొనలేదు. తండ్రితోను అతడు చెప్పిన మాట ఒక్కటే: లోకములన్నిటిని జయించిన నీవు నీలోని శత్రువులను జయింపలేకున్నావు; అదుపు లేని మనస్సుకంటె వేఱు శత్రువు లేడు. రాక్షసుడెవడను ప్రశ్నకు ఇంతకంటె సమాధానమేమి కావలయును?

ఆ తండ్రికి మేము క్షమాపణ చెప్పుకొంటిమి. పాత్రలను రద్దుచేసి, పిల్లలందఱిచేతను పద్యములును, వచనమును చదివించి, కంఠమును బట్టి మరల నిర్ణయించితిమి. చిత్రమేమనగా, హిరణ్యకశిపునకు మరల ఆ బాలుడే తగినవాడయ్యెను, ఈసారి కంఠముచేత. అది వానికి తెలిసిన పిమ్మట వాని ముఖము వికసించినది. వీధిలో కన్నడము, ఇంట సగము తెలుగు మాటలాడు ఆ బిడ్డడు, అంత దీర్ఘమైన సంభాషణలను ఒక్క అక్షరము జాఱకుండ అప్పగించినాడు. నేడును ఆ వేషము వానిదే. ముఖమునకు నల్లరంగు పూయలేదు. పేరునకు తగినట్లు బంగారు జరీ అంగవస్త్రము కప్పినాము. దానిని వాని తల్లిగారే పెట్టె తెఱచి పంపిరి.

తలిదండ్రులకు మా మనవి యిది. పిల్లలు పురాణ చిత్రమో, విదేశపు అద్భుత కథయో చూచుచున్నపుడు ఒక్క పావుగంట వారి ప్రక్కన కూర్చుండుడు. ‘వీడు చెడ్డవాడని నీకెట్లు తెలిసినది? ముఖము చూచియా, చేసిన పని చూచియా?’ అని తెలుగులోనే అడుగుడు. పిల్లవాడు తడుముకొన్నను సరే, తెలుగులోనే చెప్పనిండు. ఒకనిని రాక్షసుడా యని పిలిచినచో, వాడు నీకేమి కీడు చేసెనని ప్రశ్నింపుడు. పరభాషల నడుమ కొద్దిమందిగా బ్రదుకుచున్న మనకు, వేఱుగా కనబడువానిని వేఱుగా చూచుట ఎంత బాధాకరమో ఒకరు చెప్పవలసిన పనిలేదు. మన పిల్లలు ఆ బాధను మఱియొకరికి కలిగింపకుందురు గాక.

తెర వెనుక గంట మ్రోగుచున్నది. హిరణ్యకశిపుడు వచ్చునపుడు భయపడుడు. అతడు బాగుగా అభినయించినట్లు. తెర దిగిన పిమ్మట ఆ బాలుని పేరు పెట్టి పిలిచి మెచ్చుకొనుడు. సెలవు.