ప్రిలిమినరీ పరీక్షకు ముందు నెల రోజులు



సివిల్ సర్వీసుల ప్రిలిమినరీ పరీక్ష సాధారణంగా మే నెలాఖరులోనో జూన్‌లోనో వస్తుంది. అంటే దానికి ముందరి నెల మన బళ్లారి వైపు ఎండల నెల, పెళ్లిళ్ల నెల, ఆవకాయల నెల. ఇల్లంతా చుట్టాలు, మధ్యాహ్నమైతే ఫ్యాను కింద కూడా వేడిగాలి. సరిగ్గా అప్పుడే మన పిల్లలు కొందరు మిద్దె మీద గదిలో తలుపేసుకుని పుస్తకాల ముందు కూర్చుంటారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ప్రశ్నపత్రంలో ఇంగ్లీషు. సిరుగుప్పలో, పావగడలో, రాయచూరు చుట్టుపక్కల పల్లెల్లో అలాంటి పిల్లలున్నారని నాకు తెలుసు. ఆ పిల్లలతోనూ, వాళ్ల అమ్మానాన్నలతోనూ నాలుగు మాటలు చెప్పుకుందామని ఈ రోజు మీ ముందుకు వచ్చాను.

ముందు నా సంగతి చెబుతాను. 2005లో నేనూ ఈ పరీక్ష రాశాను. అప్పటి పద్ధతి వేరు. సామాన్య అధ్యయనం 150 మార్కులకు, మనం ఎంచుకున్న ఐచ్ఛిక విషయం 300 మార్కులకు ఉండేవి. నాది చరిత్ర. ఏడాదిపాటు చదివిన నోట్సు నా దగ్గర ఉంది. పరీక్ష ఇరవై రోజులుందనగా బెంగళూరు నుంచి ఒక మిత్రుడు జిరాక్స్ కాగితాల కట్ట తెచ్చాడు, మోకాలెత్తు. అందులో ఏదో రహస్యం ఉందనుకుని నా నోట్సు పక్కన పెట్టి దాని వెంట పడ్డాను. పరీక్ష హాల్లో ఏమైంది? కొత్తది సగం గుర్తుంది, పాతది సగం చెదిరింది. ప్రతి ప్రశ్నకూ రెండు జవాబులు సరైనవిగానే కనిపించాయి. ఆ మిత్రుణ్ణి నేనేమీ అనను. కట్ట విప్పింది నా చేతులే కదా.

అందుకని నేను పిల్లలకు మొట్టమొదట చెప్పేది ఇదే. ఈ నెలలో కొత్త పుస్తకం కొనవద్దు. ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. ఫోనులో వచ్చే నోట్సు కూడా ఆ జిరాక్స్ కట్టకు తమ్ముడే. ఒక్కో విషయానికి మీరు ఇదివరకు గీతలు గీసుకున్న పుస్తకం ఒకటుంటుంది. దాన్నే మళ్లీ మళ్లీ తిప్పండి.

మా నాన్న రేగడి చేలో గుంటక తోలేటప్పుడు మొదటి సాలు నెమ్మదిగా సాగేది. రెండోసారి ఎద్దులు వడిగా నడిచేవి. మూడోసారి నేను తోలినా వంకర పోయేది కాదు. చదువు తిప్పడమూ అంతే. మొదటి పదిహేను రోజుల్లో రాజ్యాంగం, ఆధునిక చరిత్ర, భూగోళం, ఆర్థికం, పర్యావరణం, సైన్సు అన్నీ ఒక చుట్టు వేయండి. తర్వాతి తొమ్మిది పది రోజుల్లో గీతలు గీసినవి, అంచుల్లో రాసుకున్నవి మాత్రమే చూస్తూ రెండో చుట్టు. చివరి మూడు నాలుగు రోజుల్లో మీకు పదే పదే తప్పుతున్నవి మాత్రమే. వర్తమాన వ్యవహారాలకు మీరు ఏడాదిగా చదువుతున్న ఒక పత్రిక సంకలనం, ఆ ఏటి బడ్జెట్, ఆర్థిక సర్వే ముఖ్యాంశాలు చాలు. దాని గురించి ఇంతకన్నా చెప్పను. ఆ ఒక్క విషయం మీదే నెలంతా పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పడానికే ఈ ప్రసంగం ఒప్పుకున్నాను.

2011 నుంచి ఐచ్ఛిక విషయం తీసేసి రెండో పేపరుగా మనం సి-శాట్ అంటున్న పరీక్ష పెట్టారు. 2015 నుంచి దానిలో అర్హత మార్కులు వస్తే చాలన్నారు. 200 మార్కులకు 33 శాతం, అంటే 66 మార్కులు. 80 ప్రశ్నలు, ఒక్కోదానికి రెండున్నర మార్కులు. ‘పాసైతే చాలు’ అన్న మాట వినగానే మన పిల్లలు దాన్ని మూలకు నెట్టేస్తారు. పాసవకపోతే మొదటి పేపరులో ఎన్ని మార్కులు వచ్చినా లెక్కలోకి రావన్న సంగతి మరచిపోతారు.

మా బడిలో చదివిన ఒక అమ్మాయి 2023లో ప్రిలిమినరీ రాసింది. తండ్రి మిరప రైతు. ‘నాది బి.ఎస్సి. కదా సార్, లెక్కలు నాకు వచ్చు’ అని చివరి నెలంతా మొదటి పేపరే చదివింది. ఆ ఏడు రెండో పేపరు కష్టంగా వచ్చింది. అమ్మాయి పేరు జాబితాలో లేదు. ఈ పరీక్షలో మార్కులు వెంటనే తెలియవు. మెయిన్స్, ఇంటర్వ్యూ అన్నీ అయి తుది ఫలితాలు వచ్చాకే చెబుతారు. దాదాపు ఏడాది తర్వాత చూసుకుంటే మొదటి పేపరులో 84. ఆ ఏడు జనరల్ కటాఫ్ 75.41 మాత్రమే. రెండో పేపరులో 65. ఒక్క మార్కు తక్కువ.

ఆ 65 ఎలా వచ్చిందో ఆ అమ్మాయీ నేనూ కూర్చుని లెక్క వేశాం. మీరూ కాగితం మీద వేసుకోండి. గుర్తు పెట్టినవి 42. అందులో ఒప్పు 30. ముప్పై రెండున్నరలు 75. తప్పు 12. ఒక్కో తప్పుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత, అంటే 0.83. పన్నెండింటికి 10 మార్కులు పోయాయి. 75లో 10 తీస్తే 65. ఆ పన్నెండింటిలో తెలియని రెండింటిని ఖాళీగా వదిలేసి ఉంటే కోత 8.33 మాత్రమే. 66.67 వచ్చి పాసయ్యేది. రెండు చుక్కలు నల్లగా దిద్దినందుకు ఒక ఏడాది పోయింది. ఆ లెక్క చూసి ఆ అమ్మాయి ఏడవలేదు, నవ్వింది. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు. ‘రెండో పేపరు మాట ఏమిటమ్మా’ అని ఆ నెలలో నేనైనా ఒక్కసారి అడగలేదు.

కనుక నెలలో మొదటి రోజు నుంచీ ఒక గంట దానిదే. తెల్లవారి లేవగానే, చల్లదనం ఉండగానే. అందులో వచ్చే సంఖ్యాజ్ఞానం పదో తరగతి స్థాయిదని సిలబస్సులోనే ఉంది. శాతాలు, నిష్పత్తులు, కాలం-పని, భాగహారంలో శేషాలు. పెద్ద గైడ్లు వద్దు. ఇంట్లో తమ్ముడిదో చెల్లెలిదో ఏడు నుంచి పది వరకు లెక్కల పుస్తకం ఉంటే తీయండి. దానితోపాటు పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని చేయండి. నలభై ప్రశ్నలు ఏరుకుని 33 ఒప్పు చేస్తే, ఏడు తప్పయినా 76 దాటుతుంది. నింపాదిగా బయటపడవచ్చు. ఎనభైకి ఎనభై ముట్టుకోవాలన్న పంతం ఎవరు నేర్పారో గానీ, అది మంచిది కాదు.

మొదటి పేపరులోనూ కోత ఉంది. 100 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు, తప్పుకు 0.66 పోతుంది. ఊహించి పెట్టవచ్చా అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. బొత్తిగా తెలియని 12 ప్రశ్నలు ఉన్నాయనుకోండి. నాలుగు జవాబుల్లో కళ్లు మూసుకుని ఏదో ఒకటి పెడితే సగటున మూడు తగులుతాయి, 6 మార్కులు. తొమ్మిది తప్పుతాయి, 6 మార్కులు పోతాయి. మిగిలేది సున్న. నాలుగింటిలో ఒకటి కచ్చితంగా కాదని తెలిస్తే నాలుగు తగిలి 8 వస్తాయి, ఎనిమిది తప్పి 5.33 పోతాయి. రెండున్నర పైచిలుకు లాభం. రెండింటిని కొట్టేయగలిగితే ఆరు తగిలి 12, ఆరు తప్పి 4. ఎనిమిది మార్కుల లాభం. అంటే గుడ్డిగా పెట్టడం దండగ, సగం తెలిసి వదిలేయడమూ దండగే. అయితే ఇది మొదటి పేపరు మాట. రెండో పేపరులో మీరు 66 దగ్గర ఊగిసలాడుతుంటే ఒక్క తప్పు కూడా బరువే.

మన పిల్లలకు ఇంకొక చిక్కుంది. ప్రిలిమినరీ ప్రశ్నలు హిందీలో, ఇంగ్లీషులో మాత్రమే ఇస్తారు. మనం ఇంగ్లీషులో చదివి, మనసులో కన్నడంలోకో తెలుగులోకో తిప్పుకుని, మళ్లీ ఇంగ్లీషులో జవాబు వెతుకుతాం. ఒక్కో ప్రశ్నకు పది పదిహేను సెకన్లు అక్కడే పోతాయి. ‘సరైనది కానిది ఏది’ అన్నప్పుడు ఆ ‘కానిది’ జారిపోతుంది. పైగా 2023లో ‘పైవాటిలో ఎన్ని సరైనవి’ అనే తరహా ప్రశ్నలు చాలా ఇచ్చారు. ఒక్కటి తెలిస్తే మిగతావి కొట్టేసే వీలు వాటిలో ఉండదు. దీనికి మందు ఒక్కటే. గత పదేళ్ల మొదటి పేపర్లు తీసుకోండి, వెయ్యి ప్రశ్నలు. రోజుకు యాభై చొప్పున ఇరవై రోజులు. ప్రశ్న చదవగానే ‘కానిది’, ‘మాత్రమే’, ‘ఎన్ని’ అన్న మాటల కింద పెన్సిలుతో గీయండి. తప్పయిన ప్రతిదాన్నీ ఒక చిన్న పుస్తకంలో రాసి, పక్కన కారణం వేయండి: తెలియలేదు, మరిచాను, సరిగా చదవలేదు. పది రోజులయ్యాక లెక్క చూసుకోండి. ‘సరిగా చదవలేదు’ అన్నవి ఎన్నో చూసి మీరే ఆశ్చర్యపోతారు.

గుర్తుంచుకోవడానికి మన ఊళ్లూ సాయం చేస్తాయి. అశోకుడి శాసనాల పట్టిక బట్టీ పట్టేవాళ్లు మన జిల్లాలోనే నిట్టూరు, ఉడేగోళం ఉన్నాయని, 1915లో దొరికిన మస్కి శాసనం పక్కనే రాయచూరు జిల్లాలో ఉందని ఎందుకో తలచుకోరు. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చదువుతున్నారా? 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయి మిగిలిన బళ్లారి జిల్లా మైసూరులో కలిసిన కథ మీ తాతగారికి తెలిసే ఉంటుంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన గురించి చెప్పే 350ఎ అధికరణం, ప్రత్యేక అధికారి గురించి చెప్పే 350బి, 1956లో ఏడో సవరణ ద్వారా వచ్చాయి. అవి మన గురించినవే. 2024 ఆగస్టులో తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మనం నీళ్ల కోసం బెంగపడ్డాం కదా. అంతర్రాష్ట్ర జలాల పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టండి, మరవరు.

మెయిన్స్‌లో భారతీయ భాష పేపరు సంగతి కూడా కొందరు అడుగుతున్నారు. 300 మార్కులకు 25 శాతం రావాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నా రాయడం రాని పిల్లలు కన్నడం ఎంచుకుంటే అందులో చిన్నతనమేమీ లేదు. కానీ అది ఈ నెల పని కాదు.

నాలుగు ఆదివారాలు మాత్రం పరీక్ష దినాలుగా పెట్టుకోండి. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా ఒకటి, మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగున్నర దాకా రెండోది. రెండూ ఒకే రోజున రాయాలి. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఉక్కపోతలో లెక్కలు చేయడం ఎలా ఉంటుందో ముందే తెలియాలి. నల్ల బాల్‌పెన్నుతో ఓఎమ్మార్ కాగితం మీద చుక్కలు దిద్దడం కూడా అప్పుడే అలవాటు చేసుకోండి. వంద చుక్కలు దిద్దడానికి పది నిమిషాలకు తక్కువ పట్టదు. సోమవారం పొద్దున తప్పులు చూసుకోవడానికి వాడండి.

తల్లిదండ్రులకు ఒక మాట. మేనమామ కూతురి పెళ్లికి పిల్ల రాలేదని చుట్టాలు అంటే అననివ్వండి, మీరు అక్షింతలు వేసి రండి. ‘ఈసారి వస్తుందా’ అని రోజూ అడగవద్దు. పొద్దున ఉగ్గాని పెట్టినా, రాత్రి మజ్జిగన్నం పెట్టినా వేళకు పెట్టండి. రాత్రి పదకొండు దాటాక గదిలో దీపం వెలుగుతుంటే సంతోషపడకండి, వెళ్లి ఆర్పేయండి.

పరీక్షా కేంద్రం బెంగళూరులో పడితే, ముందు రాత్రి హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారి నేరుగా హాలుకు పోదామనుకోకండి. రైల్లో నిద్ర పట్టదు, బండి ఆలస్యమైతే చేసేదేమీ లేదు. ఒక రోజు ముందే చేరి, సాయంత్రం వెళ్లి కేంద్రం గేటు చూసి రండి. ప్రవేశ పత్రం ముద్రించుకుని, అందులో గేటు మూసే వేళ ఎంతని ఉందో చదువుకోండి. ఆ వేళ దాటితే ఎంత బతిమాలినా లోపలికి రానివ్వరు. ఫోను లోపలికి తీసుకుపోనివ్వరు కాబట్టి బసలోనే పెట్టి, చేతికి మామూలు గడియారం కట్టుకోండి.

రెండు పేపర్ల మధ్య మూడు గంటలుంటాయి. గేటు బయట చెట్ల కింద గుంపులు గుంపులుగా చేరి పొద్దుటి ప్రశ్నల జవాబులు చెప్పుకుంటుంటారు. మీరు అటు పోకండి. డబ్బాలో తెచ్చుకున్న పెరుగన్నం తిని, ఎక్కడైనా నీడలో అరగంట కళ్లు మూసుకోండి. రెండున్నరకు మీ 66 మార్కుల పేపరు ఉంది.