చీటీలో ఉన్న మాట, ఇంట్లో చెప్పిన మాట

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. షోలాపూరులో పుట్టి పెరిగి, ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నవాడిని. ఆసుపత్రిలో వినబడే మాటల గురించి పిల్లలకు ఉపయోగపడేలా నాలుగు ముక్కలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నాకు తెలిసినంతలో చెబుతాను.

మన ఇళ్ళ సంగతి మీకు తెలిసిందే. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, ఆసుపత్రి కాగితం మీద ఇంగ్లీషు. మనవాళ్ళు బరంపురంలో ఉంటే వీధిలో ఒడియా, బళ్ళారిలో కన్నడం, హోసూరులో తమిళం. యానాంలో వీధిలోనూ తెలుగే, కాని ఫైలు మాత్రం ఇంగ్లీషే. వీటన్నిటి మధ్య నిలబడి అమ్మానాన్నలకు అర్థం చెప్పేది ఎవరు? ఇంట్లో చదువుకుంటున్న పిల్లలే. ఒకప్పుడు మా ఇంట్లో ఆ పని నాది. ఆ పనిలో నేను చేసిన తప్పు ముందు చెబుతాను.

2001లో నేను తొమ్మిదో తరగతి. నాయన పవర్‌లూమ్ కార్ఖానాలో సాంచాలు నడిపేవారు. అమ్మ బీడీలు చుట్టేది. ఆ వేసవిలో నాయనకు దగ్గు తగ్గలేదు. సాయంత్రం జ్వరం, మనిషి చిక్కిపోయారు. ఒక ప్రైవేటు డాక్టరుకు చూపిస్తే టీబీ అన్నారు. రెండు నెలలు మందులు వాడాక ఆగస్టులో మళ్ళీ తెమడ పరీక్ష చేయించారు. రిపోర్టులో 'నెగటివ్' అని వచ్చింది. డాక్టరుగారు చీటీ మీద 'సీపీ 4/12' అని రాసి, మరాఠీలో గబగబా రెండు మాటలు చెప్పారు. నా మనసంతా ఆ నెగటివ్ మీదే ఉంది, ఆయన చెప్పింది సరిగా వినలేదు. సీపీ అంటే ఏమిటో అడుగుదామనుకున్నాను. వెనక క్యూలో మనుషులున్నారు. ఇంగ్లీషు రాదనుకుంటారేమోనని సిగ్గుపడి తల ఊపి వచ్చేశాను.

బయట అమ్మ అడిగింది, "ఏమన్నడు రా డాక్టరు?"

"జబ్బు లేదంటనే అమ్మా. మల్ల డిసెంబరు 4న రమ్మన్నడు."

అమ్మ అక్కడే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ మందులు వేసుకుంటే నాయనకు కడుపులో తిప్పేది, మూత్రం ఎర్రగా వచ్చేది, ఖర్చు సరేసరి. ఇక అక్కర్లేదన్నందుకు అందరం సంతోషించాం.

4/12 తేదీ కాదు. డాక్టర్ల రాతలో కింద 12 ఉంటే నెలలు, 52 ఉంటే వారాలు, 7 ఉంటే రోజులు. సీపీ అంటే కంటిన్యుయేషన్ ఫేజ్. 'ఇంకో నాలుగు నెలలు మందు కొనసాగించాలి' అని డాక్టరు రాస్తే, 'డిసెంబరు 4న రావాలి' అని నేను చెప్పాను. నవంబరులో దగ్గు తిరగబెట్టి తెమడలో రక్తపు చారలు కనబడినా, తేదీ ఇంకా రాలేదు కదా అని ఆగాం.

చివరకు ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్చాం. తిరగబెట్టిన టీబీకి అప్పట్లో ఎనిమిది నెలల వైద్యం, మొదటి రెండు నెలలు స్ట్రెప్టోమైసిన్ సూదులు. ఇప్పుడు ఆ పద్ధతి లేదు. నాయన బతికారు, కాని మళ్ళీ రాత్రి షిఫ్టులో సాంచాల దగ్గర నిలబడలేకపోయారు. ఇల్లు గడవడానికి పదో తరగతి చదువుతున్న అక్క బడి మానేసి అమ్మ పక్కన బీడీల చాట ముందు కూర్చుంది. అక్క ఏనాడూ నన్నొక మాట అనలేదు. కాని నా ఉపకార వేతనం అర్జీ నింపిన రోజున, ఆ అర్జీ నింపవలసింది నాకన్నా ముందు అక్క అనిపించింది.

అందుకని పిల్లలూ, నేను తెలుసుకున్నవి కొన్ని చెబుతాను.

మొదటిది నెగటివ్. నెగటివ్ అంటే 'లేదు' అన్న నా తెలుగు తప్పు కాదు, ఏది లేదో చెప్పడంలో తప్పు. ఆ రోజు ఇచ్చిన ఆ నమూనాలో, ఆ పరీక్షకు కనబడలేదని మాత్రమే దాని అర్థం. ఒక మిల్లీలీటరు తెమడలో వేల సంఖ్యలో క్రిములుంటే గాని మైక్రోస్కోపు కింద మాకు దొరకవు. కనబడకపోవడం వేరు, జబ్బు నయం కావడం వేరు. అలాగే పాజిటివ్ అంటే 'మంచిది' కాదు, వెతికినది దొరికిందని.

రెండోది, పెద్ద మాట కనబడితే భయపడకుండా దాని తోక చూడండి. 'ఐటిస్' అంటే ఆ భాగంలో వాపు, మంట: అపెండిసైటిస్, టాన్సిలైటిస్, ఆర్థ్రైటిస్. 'ఎక్టమీ' అంటే కోసి తీసివేయడం. హిస్టెరెక్టమీ అంటే గర్భసంచి తీసివేయడం. సంతకం పెట్టేముందు ఈ మాట అమ్మకు తప్పక తెలియాలి. 'స్కోపీ' అంటే గొట్టం లాంటి పరికరంతో లోపల చూడడం. తలలో 'హైపర్' ఉంటే ఎక్కువ, 'హైపో' ఉంటే తక్కువ. హైపర్‌టెన్షన్ అంటే మనసులోని టెన్షన్ అనుకుని, "నాకేం టెన్షన్ లేదు, మాత్రలెందుకు?" అనేవాళ్ళను రోజూ చూస్తాను. అది రక్తపోటు. ప్రశాంతంగా ఉన్న మనిషికీ ఉండవచ్చు.

మూడోది, చూడడానికి చేసేదా, బాగుచేయడానికి చేసేదా అన్నది. యాంజియోగ్రామ్ గుండె రక్తనాళాలను చూడడానికి, యాంజియోప్లాస్టీ మూసుకున్న నాళాన్ని తెరవడానికి. బయాప్సీ అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం. బయాప్సీ రాసినంత మాత్రాన క్యాన్సర్ అని తేలినట్టు కాదు. అందులో 'బినైన్' అని వస్తే క్యాన్సర్ కాని గడ్డ, 'మాలిగ్నెంట్' అని వస్తే క్యాన్సర్. 'అక్యూట్' అంటే ఉన్నట్టుండి వచ్చినది, 'క్రానిక్' అంటే చాలాకాలంగా ఉన్నది. క్రానిక్ అంటే చేయి దాటిపోయిందని కాదు.

నాలుగోది మందుల చీటీ. అందులో బీడీ అని ఉంటే మన ఊళ్ళో నవ్వొస్తుంది. మా అమ్మ చుట్టిన బీడీ కాదది, రోజుకు రెండుసార్లు అని. ఓడీ అంటే ఒకసారి, టీడీఎస్ అంటే మూడుసార్లు, హెచ్ఎస్ అంటే పడుకునేముందు, ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే.

ఐదోది, మనం డాక్టరుకు చెప్పే మాట. మా ల్యాబులో మరాఠీలో 'థుంకీ' ఇమ్మంటే చాలామంది నోట్లో ఉమ్మి తెచ్చి ఇస్తారు. అందులో క్రిములెలా దొరుకుతాయి? కావలసింది గట్టిగా దగ్గితే ఛాతీలోంచి వచ్చే తెమడ. మీ ఇంట్లో పెద్దలకు ఆ తేడా చెప్పండి. ఇంకొకటి, ఛాతీలో బరువును 'గ్యాస్' అని చెప్పవద్దు. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, చేతికో దవడకో పాకుతున్నదా, చెమట పడుతున్నదా అన్నది ఉన్నదున్నట్టు చెప్పి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. జబ్బు పేరు డాక్టరు చెబుతారు, మనం బాధ చెబితే చాలు.

మీరు ఇవన్నీ కంఠస్థం చేయనక్కర్లేదు. ఆసుపత్రికి ఒక చిన్న నోటుపుస్తకం తీసుకెళ్ళండి. ఇది ఏమిటి, ఇప్పుడు మేమేం చేయాలి, ఎప్పటివరకు చేయాలి? ఈ మూడు ప్రశ్నలూ అడిగి రాసుకోండి. తరువాత, "మీరు చెప్పింది ఇదేనా సార్?" అని తిరిగి అప్పజెప్పండి. డాక్టరుకు తీరిక లేకపోతే నర్సమ్మను, మందులిచ్చేవారిని అడగండి. నేను ఆ రోజు మూడో ప్రశ్న అడిగి ఉంటే, 4/12 తేదీ అయ్యేది కాదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడికి ఇంగ్లీషు వచ్చు కదా అని అంతా వాడి మీద వేయకండి. పద్నాలుగేళ్ళ వాడికి తెలిసేది మాట, బాధ్యత కాదు. పెద్దవాళ్ళొకరు పక్కన ఉండాలి. 'తెలియదు' అన్న పిల్లవాణ్ణి ఎగతాళి చేయకండి. ఎగతాళికి భయపడే నేను నోరు మూసుకున్నాను.

టీబీ మాట ఎత్తాను కనుక అదీ చెప్పి ముగిస్తాను. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, మందులు ఉచితం. మామూలు టీబీకి వైద్యం ఆరు నెలలు. ఒంట్లో బాగున్నా, రిపోర్టు నెగటివ్ వచ్చినా, డాక్టరు ఆపమనేవరకు ఆపకూడదు. పోషకాహారం కోసం కేంద్ర ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తూ వచ్చింది. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. పేరు నమోదు చేయించుకుని తీసుకోండి, అందులో చిన్నతనం లేదు.

పిల్లలూ, మీకు ఈ రోజు అందిన డబ్బుతో పుస్తకాలు కొంటారు, ఫీజు కడతారు. సంతోషం. ఆ చదువును ఇంట్లోవాళ్ళ చీటీ చదవడానికి కూడా వాడండి. అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పండి. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.